కెప్టెన్ శుభ్రంగా తిన్నాడు

ఓడని రేవులోకి నడిపించే పైలట్ ఇంకో గంటలో వస్తాడు. ఈలోపు లంగరు ఎత్తమని మావాళ్ళకి చెప్పాలి, లేదా రావద్దని పైలట్‌కి చెప్పాలి. రెండిట్లో ఏదైనా నా నోటితోనే చెప్పాలి, ఇంకెవరి నోరూ ఇందుకు పనికిరాదు. క్యాబిన్ కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. మధ్యాహ్నపు ఎండలో అది ఏ రేవులాగైనా ఉంది. పొడుగు మెడల క్రేన్లు, ధాన్యపు గిడ్డంగుల తెల్లటి గోడలు, వాటి వెనక కొండవాలున ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టున్న ఇళ్ళు. ఎడమ చివర, నూనె ట్యాంకులు ఉండిన చోట మాత్రం నల్లటి మరక, ఇంకా చల్లారని పొగ. ఎవరో తీరిగ్గా కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నట్టు సన్నగా లేస్తోంది. దాన్నే చూస్తున్నాను. చూస్తూ, పళ్ళ డాక్టరు మత్తిచ్చాక నాలుకతో చిగురుని పొడిచి చూసుకున్నట్టు, నన్ను నేను లోపల పొడిచి చూసుకుంటున్నాను. ఏమీ తగలడం లేదు.

ఒకప్పుడు తగిలేది. పక్కటెముకల కింద గులకరాయంత బరువు. తుపాను చుట్టుపక్కల తిరుగుతున్నప్పుడు, లోతు సరిగా తెలియని కాలవలో దిగుతున్నప్పుడు, రేవు మనుషుల మాటల్లో పొంతన కుదరనప్పుడు ఆ రాయి కదిలేది. అది కదిలితే నేను ఆగేవాణ్ణి. ఆగి మళ్ళీ చూస్తే ఏదో ఒకటి కనిపించేది. నన్ను ధైర్యవంతుడని ఎవరూ అనలేదు, జాగ్రత్తపరుడన్నారు, ఆ జాగ్రత్త అనుభవంలోంచి వచ్చిందనుకున్నారు. నా భార్యకి మాత్రం తెలుసు. ఫోన్లో "అక్కడ గాలి ఎలా ఉంది?" అని నేనడిగితే చాలు. మా మేడ మీద ఆరేసిన బట్టల్ని ఊపే గాలితో సముద్రం మీదున్నవాడికి ఏం పని? "ఏం, ఎక్కడికి పంపిస్తున్నారు మిమ్మల్ని?" అనేది. భయమేసినప్పుడల్లా నేను వాతావరణం గురించి మాట్లాడతానని నాకంటే ముందు ఆమే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకునే రకం కాదు. ఎటు వెళ్తున్నాం, లోతెంత, ఎవరు రమ్మన్నారు, అన్నీ అడిగేది, పెళ్ళిసంబంధం గురించి ఆరా తీస్తున్నట్టు. విసుక్కుంటూ చెప్పేవాణ్ణి. చెప్తుంటే, రాయి ఎందుకు కదిలిందో నాకే అర్థమయ్యేది.

టేబుల్ మీద ఒప్పందం ప్రతి తెరిచి ఉంది. చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. మా కంపెనీ ఈ ఓడని అద్దెకిచ్చింది. అద్దెకి తీసుకున్నవాళ్ళు దీన్ని ఎటైనా పంపవచ్చు, కానీ పంపే ప్రతి రేవూ క్షేమమైన రేవై ఉండాలి. క్షేమమంటే ఓడ అక్కడికి చేరగలగాలి, అక్కడ ఉండగలగాలి, తిరిగి బయటికి రాగలగాలి. చేరడం, ఉండడం, తిరిగి రావడం. మొదటిసారి చదివినప్పుడు ఇది రాసినవాడు ఓడల గురించే ఆలోచించాడా, ఇంకేమైనా మనసులో పెట్టుకున్నాడా అనిపించింది. చేరడానికి ఇవాళ అడ్డమేమీ లేదు. ఉండడం గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. వాళ్ళు ఈ రేవు పేరు చెప్పిననాటికి యుద్ధం లేదు, అప్పుడిది నిజంగానే క్షేమమైన చోటు. తరవాత పరిస్థితి మారితే వేరే రేవు చూపించాల్సింది వాళ్ళే. కానీ మారిందని ఎవరు తేల్చాలి? దానికీ ఒక షరతు ఉంది. యుద్ధప్రమాదం ఉందని కెప్టెన్ సహేతుకంగా భావిస్తే ఓడ లోపలికి వెళ్ళనక్కర్లేదు. రాసినవాడు ఎంత నమ్మకంగా రాశాడు. ప్రతి ఓడలోనూ ఒక కెప్టెన్ ఉంటాడని, ప్రతి కెప్టెన్ లోపలా భావించేదేదో ఒకటి ఉంటుందని, లంగరూ దిక్సూచీ ఉన్నట్టే అదీ ఉండి తీరుతుందని.

అద్దెదారుల ఆఫీసు నుంచి నాకు రాసే మనిషిని మా ఓడలో "దయచేసి" అంటాం. ఎన్నడూ చూడలేదు, ఆడో మగో కూడా తెలియదు. ప్రతి సందేశమూ దయచేసి గమనించగలరు అని మొదలవుతుంది. పొద్దున లంగరు పడగానే నేను ఎప్పటిలాగే నోటీసు పంపాను, ఓడ చేరింది, అన్నివిధాలా సిద్ధంగా ఉంది అని. చీకటి గదిలోకి అడుగుపెట్టగానే చెయ్యి స్విచ్ మీదికి పోయినట్టు, ఏ రేవు ముందైనా చేసే పని అది, ఆలోచించి చేసేది కాదు. దానికి "దయచేసి" నుంచి జవాబు వెంటనే వచ్చింది. అన్నివిధాలా సిద్ధమని తమరే తెలియజేసినందున రేవు విషయమై తమకు అభ్యంతరం లేదని గ్రహిస్తున్నాం. చదివి నవ్వొచ్చింది. స్విచ్ నొక్కిన చేతిని పట్టుకుని, వెలుతురు మీకు ఇష్టమే కదా అంటున్నారు. వెంటనే మా కంపెనీకి ఫోన్ చేశాను. అక్కడ మాట్లాడేవాడికి మేం పెట్టుకున్న పేరు "గొంతు". మెత్తటి గొంతు, తడిబట్టతో తుడిచినట్టుంటుంది. మేం మిమ్మల్ని వెళ్ళమనడం లేదు కెప్టెన్‌గారూ, వెళ్ళొద్దనీ అనడం లేదు, మీ నిర్ణయానికి మా పూర్తి మద్దతు ఉంటుందన్నాడు.

"ఏ నిర్ణయానికండీ?" అన్నాను.

"మీరు ఏది తీసుకుంటే దానికి" అన్నాడు గొంతు. వెనకాల ఎవరో టీ అడుగుతున్నారు, చక్కెర ఎక్కువ వెయ్యొద్దంటున్నారు.

కోపం రాలేదు. వాళ్ళ పద్ధతి నాకు తెలుసు, వాళ్ళ చోట కూర్చుంటే నేనూ అంతే. ఓడ లోపలికి వెళ్ళి ఇరుక్కుంటే కెప్టెన్ తెలిసే వెళ్ళాడంటారు, వెళ్ళకపోతే కెప్టెన్ ఉత్తపుణ్యానికి బెదిరాడంటారు. అన్ని దారులూ తిరిగి తిరిగి ఒక్క మనిషి తలలోకే వచ్చి ఆగుతాయి. ఆ తలలో ఏముందో చూడమని ఇప్పుడు నన్ను పంపారు. చూస్తున్నాను. సామాన్లన్నీ తీసేసిన ఇల్లులా ఉంది. గోడల మీద ఏది ఎక్కడుండేదో తెలిసేలా తెల్లటి చదరాలు.

ఆమె జబ్బుపడ్డాక నేను ఓడెక్కలేదు, చివరిదాకా పక్కనే ఉన్నాను. ఆస్పత్రి నడవాలో కుర్చీల్ని గోడకి బిగించారు, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. వాటిలో చివరిదాంట్లో కూర్చునేవాణ్ణి, ఎందుకంటే అక్కడినుంచి లిఫ్టూ కనిపిస్తుంది, ఆమె గది తలుపూ కనిపిస్తుంది. కూర్చుని భయపడేవాణ్ణి. అదే నా ఉద్యోగం అప్పుడు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే భయం, నర్సు నడక వేగం పెరిగితే భయం, డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటే భయం, తుడుచుకోకుండా లోపలికి వెళ్ళిపోతే ఇంకా భయం. గులకరాయి పెరిగి పెరిగి నాలో రాయుందో రాయిలో నేనున్నానో తెలియకుండా పోయింది. ఒక పొద్దున డాక్టరు నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. అంతకుముందెప్పుడూ కూర్చోలేదు, నిలబడే మాట్లాడేవాడు. ఆయన కూర్చోవడం చూసిన ఆ క్షణంలోనే, ఇంకా మాట విప్పకముందే, లోపల ఏదో చప్పుడు లేకుండా ఖాళీ అయింది. ఏడుపు తరవాతెప్పుడో వచ్చింది, కొట్టులో ఆమె వాడే సబ్బు ముందు నిలబడితే. దుఃఖం కూడా వస్తూ పోతూ ఉంది, దాని వేళలు దానికున్నాయి. భయం మాత్రం మళ్ళీ రాలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు బయట చెప్పులు వేసుకుంటూ, మనిషి ఎంత నిబ్బరంగా ఉన్నాడో చూశారా అనుకున్నారు. నిబ్బరం అనేది భయాన్ని అణిచిపెట్టి ఉంచేవాడి సొత్తు. అణచడానికి నా దగ్గరేముంది? పోగొట్టుకోవాల్సింది పోయాక కాపలా కుక్కకి పనేముంది, అదీ ఎటో వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇంట్లో మా అత్తగారు ఉంటున్నారు. కూతురికి సాయంగా వచ్చారు, కూతురు పోయాక వెళ్తాననలేదు, వెళ్ళమని నేనూ అనలేదు. నేను సెలవులో ఉన్నప్పుడు ఇద్దరం ఒకే సోఫా మీద రెండు చివర్ల కూర్చుని వార్తలు చూస్తాం, ఎవరూ దేని గురించీ అయ్యో అనం. పొద్దున ఫోన్ చేశారు. మీ రేవు టీవీలో చూపించారు బాబూ, బాగా పొగొచ్చింది, అన్నారు. చూసి టీవీ కట్టేసి స్టవ్ తుడుచుకున్నారట. గ్యాస్ అయిపోతే రెండో సిలిండర్ పెట్టించారట, పెట్టినవాడు గడప మీద గీత పడేలా ఈడ్చాడట. ఆ గీత గురించే ఎక్కువసేపు చెప్పారు. లోపలికి వెళ్ళమంటారా అని సరదాకి అడిగాను. "మీకు తెలియందేముంది బాబూ" అన్నారు. ఆవిడ కూడా ఆ నడవాలోనే కూర్చున్నారు కదా, నా పక్క కుర్చీలోనే. ఒకే పొయ్యి మీద రెండు గిన్నెలూ అడుగంటిపోయాయి. ఒకరికోసం ఒకరం భయపడాల్సినవాళ్ళం, ఇప్పుడు ఒకరితో ఒకరం మర్యాదగా ఉంటున్నాం.

వాకీటాకీ గరగరలాడింది. పైలట్, స్టేషన్ నుంచి. నిచ్చెన ఏ వైపు దింపుతారని అడిగాడు, కాఫీ ఉందా అని అడిగాడు, మా ఊళ్ళో మంచి కాఫీ దొరకడం మానేసిందన్నాడు. హుషారైన మనిషి. మాటల్లోనే, చప్పుళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను.

"రాత్రిపూటేనండీ. పగలు పని చేసుకోనిస్తున్నారు, పాపం" అన్నాడు. "మొదట్లో మా పాప బల్లకింద దూరేది. ఇప్పుడు చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదంటుంది. అలవాటైపోయిందండీ అందరికీ."

ఉంటానన్నాడు. వాకీటాకీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అతను నిశ్చింతగా ఉన్నాడు, అలవాటు వల్ల. గొంతు నిశ్చింతగా ఉన్నాడు, దూరం వల్ల. నేను నిశ్చింతగా ఉన్నాను, లోపలేమీ లేకపోవడం వల్ల. ఈ రేవు క్షేమమా అన్న ప్రశ్నకి ముగ్గురం నిబ్బరమైన ముఖాలే చూపిస్తున్నాం, ఒక్కడి నిబ్బరానికీ రేవుతో సంబంధం లేదు. రేపు ఎవరైనా విచారణ జరిపితే సాక్షులు ముగ్గురూ ఏకగ్రీవంగా ఉంటారు.

తలుపు తట్టి వంటాయన వచ్చాడు, మధ్యాహ్నపు ట్రే తీసుకెళ్ళడానికి. పెద్ద శరీరం, చిన్న అడుగులు, గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు నడుస్తాడు. ట్రే ఎత్తి ఖాళీ ప్లేటు చూసి, బిడ్డకి మార్కులొచ్చినట్టు నవ్వాడు. ఏమిటి అన్నాను. ఏం లేదు సార్ అన్నాడు. అని, వెళ్ళలేదు.

"పొద్దున మీ ప్లేటు కిందికి రాగానే అందరం చూశాం సార్."

"నా ప్లేటు ఎందుకు చూడడం?"

"వంటింట్లో అలవాటు సార్ అది, ఏ ఓడలోనైనా. నేను మొదట పనిచేసిన కెప్టెన్‌గారి దగ్గరైతే, ఆయన రొట్టె ముట్టకుండా పంపారంటే మేం గిన్నెలన్నీ తాళ్ళతో కట్టేసుకునేవాళ్ళం, తుపాను వస్తోందని. రేడియో తరవాత చెప్పేది. పొద్దున ఎవరికీ ఏమీ లోపలికి దిగలేదు. ఇంజన్ రూమువాళ్ళయితే పైకే రాలేదు. మీ ప్లేటు వచ్చింది. గుడ్డు లేదు, రొట్టె లేదు, సూపు కూడా తుడిచేశారు. కెప్టెన్ శుభ్రంగా తిన్నాడ్రా అని కిందికి ఫోన్ కొట్టాను. అప్పుడు వచ్చారు అందరూ. రెండోసారి కూడా అడిగి తిన్నారు."

అతను వెళ్ళిపోయాక కుర్చీలో కూర్చుని, పొద్దున గుడ్డు తిన్న సంగతి గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. సూపు ఏ రంగులో ఉంది? ఆస్పత్రిలో ఆమె నా డబ్బా మూత తీసి చూసేది, మిగిలిస్తే ముఖం తిప్పుకునేది, అందుకని మింగడం నేర్చుకున్నాను. రుచి చూడకుండా, నమలడం కూడా లెక్కలోకి రాకుండా, ఎదురుగా ఉన్నది లేకుండా పోయేదాకా. తరవాత ఆ పని మానడానికి కారణం దొరకలేదు. ఓడ మొత్తం దాన్ని చదివింది. కింద కొంతమంది పక్కటెముకల కింద బరువు పెట్టుకుని, ప్లేటు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఈ ఓడలో భయం లేదనుకున్నాను. ఉంది, కావలసినంత ఉంది, పొద్దున దాకా ఉంది. దాన్ని నేనే ఆర్పేశాను, ఒక గుడ్డు మింగి. నా ముఖంలో నిబ్బరం చూసి చీఫ్ ఆఫీసర్, అతని ముఖం చూసి మిగతావాళ్ళు, అందరూ కలిసి నాలోని ఖాళీని అప్పు తెచ్చుకుని, పడవెక్కే పిల్లల్లా లోపలికి రావడానికి సిద్ధంగా ఉన్నారు.

ఎవరినైనా అడుగుదామా? వంటాయన్ని పిలిచి నిజం చెప్పమందామా? ఇప్పుడేం చెప్తాడు, సంతోషంగా గిన్నెలు తోముకుంటున్నాడు. అత్తగారు గడప మీద గీత గురించి చెప్తారు. ఇంకెవరున్నారు? కిటికీకి వీపు పెట్టి, సిగ్గుపడకుండా, పైకే, "అక్కడ గాలి ఎలా ఉంది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జవాబు రాదని తెలుసు, పిచ్చివాణ్ణి కాను. కానీ ఒక మనిషి ఇన్నేళ్ళు అడిగిన ప్రశ్నలు ఆ మనిషితో పాటు పోవు, వాటి వరుస మనలో ఉండిపోతుంది. ఎక్కడికి పంపిస్తున్నారు మిమ్మల్ని? ఫలానా రేవుకి. ఎవరు రమ్మన్నారు? ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. లోపల పనవుతోందా? అవుతోంది, క్రేన్లు తిరుగుతున్నాయి, ఇంకా ఓడలున్నాయి. ఎన్నాళ్ళుండాలి? గోధుమలు దింపేదాకా, వారం పైన. లోపలికి వెళ్ళే కాలవ ఎలా ఉంది? ఒక్కటే కాలవ, పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఇక్కడ ఆగేది ఆమె. ఇక్కడ తప్పకుండా ఆగేది. దాని మూతిలో ఏదైనా మునిగితే మరి బయటికెలా వస్తారు?

టేబుల్ మీది ఒప్పందం వైపు తిరిగాను. ఒప్పందంలో మూడో మాట అదే, పొద్దుట్నుంచీ కంఠతా అప్పజెప్పుకుంటున్నదే. దాన్ని దాటుకుంటూ, దాటుకుంటూ వచ్చాను, ఎందుకంటే తిరిగి రావడం అనేది నాకు ఏమీ కాని మాటైపోయింది. ఎక్కడికి తిరిగి రావాలి? సోఫాలో నా చివరికి. కానీ కింద ఉన్నవాళ్ళకి అది మొత్తం ఒప్పందం. మిగతా రెండు మాటలూ దానికోసం ఉన్నాయి. రాయి కదల్లేదు. ఎంత పొడిచినా కదల్లేదు. కదలకపోయినా పర్లేదు. చీకట్లో ఇల్లు తెలిసినవాడు మెట్ల లెక్కన దిగినట్టు, ఆమె ప్రశ్నల లెక్కన దిగి వచ్చాను.

ఓడని నడిపే చోటికి, బ్రిడ్జి మీదికి వెళ్ళాను. చీఫ్ ఆఫీసర్ పైలట్ కోసం టై కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చుక్కాని దగ్గరివాడు నిటారుగా నిలబడ్డాడు. పైలట్ స్టేషన్‌ని పిలిచి, ఓడ లోపలికి రావడం లేదు, వేరే రేవు కోసం అడుగుతున్నాను, పడవ పంపొద్దని చెప్పాను.

"రారా?" అన్నాడు పైలట్.

"రాను."

"మంచిదండీ. బయటికి తిప్పుకోవడానికి ఓడ ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి" అన్నాడు. ఈసారి హుషారు లేదు. రేడియో ఆగిపోయింది.

గొంతుకి ఫోన్ చేశాను. పొద్దున సిద్ధమన్నారు కదా, ఇప్పటికీ అప్పటికీ ఏం మారింది అని అడిగాడు. తిరిగి వచ్చే దారికి ఎవరూ హామీ ఇవ్వలేదన్నాను. అది పొద్దునా లేదు కదా అన్నాడు. లేదన్నాను. ఇది చిక్కు తెస్తుంది కెప్టెన్‌గారూ, మీ మీదికే తెస్తుందన్నాడు, పూర్తి మద్దతు సంగతి ఎత్తలేదు. తెస్తే తెచ్చిందిలెండి అని పెట్టేశాను. లంగరు ఎత్తి ఇంకా బయటికి, ఇక్కడి పొగ కనిపించనంత దూరం పోదామని చీఫ్ ఆఫీసర్‌తో చెప్పాను. అతను కదల్లేదు. నా ముఖంలోకి చూస్తున్నాడు, వంటాయన ప్లేటు చూసినట్టే.

"ఏమైనా వార్త వచ్చిందా సార్?"

వార్తేమీ లేదు. కాలవ గురించి చెప్పవచ్చు, అది అతనికి నాకంటే బాగా తెలుసు, పటం మీద దారి గీసింది అతనే. ఆ చూపు కారణం అడగడం లేదు. ఇంకేదో అడుగుతోంది, నా దగ్గర లేనిది. చుక్కాని దగ్గరివాడు కూడా తల తిప్పాడు.

"నాకు భయమేసింది" అన్నాను.

చీఫ్ ఆఫీసర్ టై ముడి వదులు చేసుకున్నాడు. "నాకూ సార్" అన్నాడు. "లంగరు వేసినప్పట్నుంచీ. మీరేమీ అనడం లేదని ఊరుకున్నాను." చుక్కాని దగ్గరివాడు, పొద్దున తినబోయి రెండుసార్లు కక్కుకున్నానని, ఎవరికీ చెప్పలేదని చెప్పాడు. చెప్తూ నవ్వాడు. ఇంజన్ రూము నుంచి ఫోన్. వెళ్ళడం లేదట కదా, నిజమేనా అని అడిగాడు ఇంజనీరు. నిజమని తెలిసి, తన కూతురికి పొద్దున వీడ్కోలు చెప్తున్నట్టు మెసేజ్ పెట్టి మళ్ళీ చెరిపేశానన్నాడు, పిల్ల అప్పటికే చూసేసిందేమో, ఇప్పుడేం చెప్పాలన్నాడు. చీఫ్ ఆఫీసర్ నవ్వుతూ అతన్ని ఏడిపిస్తున్నాడు. వంటాయన పైకి వచ్చాడు, ఎవరూ పిలవకుండానే, కాఫీ తెచ్చాడు. ఎవరికి ఎక్కడ మొదలైందో, అరచేతుల్లోనో, మోకాళ్ళలోనో, ఒకరి తరవాత ఒకరు చెప్పుకుంటున్నారు. సంతలో కలుసుకున్న చుట్టాల్లా గొంతులు పెంచి, మాట మధ్యలో మాట కలుపుతూ. మధ్యమధ్య నావైపు తిరిగి, అంతే కదా సార్ అంటున్నారు. అంతే అంటున్నాను. ఓడ ముందువైపు లంగరు గొలుసు ఉరుముతూ పైకి వస్తోంది. నేను నిలబడి వింటున్నాను. తెలియని ఊళ్ళో బస్సు ఎక్కినవాడు పక్కవాళ్ళ కబుర్లు విన్నట్టు, ఎక్కడ నవ్వాలో వాళ్ళని చూసి నవ్వుతూ.

ఓడ తల మెల్లగా సముద్రంవైపు తిరిగింది. చీఫ్ ఆఫీసర్ నాకు కాఫీ కప్పు అందించాడు, అంచుదాకా పోసి ఉంది. అందుకున్నాను. ఒక్క చుక్క తొణకలేదు.

"అంత భయంలోనూ చూడండి సార్, మీ చెయ్యి ఎలా ఉందో" అన్నాడు, ముచ్చటపడుతూ, మిగతావాళ్ళకి చూపిస్తూ.

అందరూ చూశారు. కప్పు పక్కన పెట్టి, చెయ్యి జేబులో పెట్టుకున్నాను.